ఆవులకా, గుర్రాలకా? డాలస్ చుట్టుపక్కల మేత భూమి కొనే ముందు

ఇరవై ముప్పై ఎకరాలు కొని, నాలుగు ఆవులు, రెండు గుర్రాలు పెట్టుకోవాలని డాలస్‌లో నాకు తెలిసిన తెలుగువాళ్ళలోనే ఐదారు కుటుంబాలు చూస్తున్నాయి. మేమూ అలాగే మొదలుపెట్టాం. ఏడాదిన్నర పాటు శని ఆదివారాలు కారేసుకుని తిరిగాం. అందులో మొదటి ఆరు నెలలు దండగ. ఇల్లు కొనే అలవాటుతోనే భూమిని చూడ్డం వల్ల వంటగది, వరండా, దూరంగా కనిపించే చెట్ల వరస మీదే మా కళ్ళు ఉండేవి. గడ్డి ఏ జాతిదో, కంచె ఏ రకమో, ఆగస్టులో నీళ్ళుంటాయో ఉండవో అడగాలనే తోచలేదు.

తిరగ్గా తిరగ్గా అర్థమైంది ఒకటే. ఆవుకి బాగా నప్పిన భూమి గుర్రానికి అంతే బాగా నప్పడం అరుదు. ఎవరి కోసం కొంటున్నారో ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఆ జంతువుకి తగిన భూమి కొని, రెండోదాన్ని అక్కడ సర్దుకునే చుట్టంగా చూడండి. ఇది తేల్చుకోకుండా వెతికితే చూసిన ప్రతి భూమీ సగం నచ్చుతుంది, ఏదీ పూర్తిగా నచ్చదు.

ఆవు మేత, గుర్రం మేత

ఆవుకి పై దవడలో ముందుపళ్ళు ఉండవు. నాలుకతో గడ్డిని చుట్టి లాగి తెంపుతుంది కాబట్టి కింద కాస్త మోడు మిగులుతుంది. గుర్రానికి పైనా కిందా పళ్ళున్నాయి, నేలకంటా కొరికేస్తుంది. పైగా లేతగా చిగురించిన చోటికే మళ్ళీ మళ్ళీ వస్తుంది. తను లద్దె వేసిన చోట మాత్రం మేయదు. అందుకే గుర్రాలు మాత్రమే ఉన్న పొలంలో ఒకచోట గుండు గీసినట్టు, పక్కనే మోకాలెత్తు గడ్డి కనిపిస్తాయి. ఆవులు ఆ వదిలేసిన గడ్డిని తినేస్తాయి. గుర్రానికి సోకే కడుపు పురుగులు చాలావరకు ఆవుకి అంటవు, ఆవు పురుగులు గుర్రానికి అంటవు. అందుకని రెండింటినీ కలిపిగానీ, ఒకదాని వెనక ఒకటిగానీ మేపితే నేలకు మంచిదే.

చిక్కంతా మిగతా విషయాల్లో ఉంది. నాలుగైదు వరసల ముళ్ళ తీగ ఆవుకి సరిపోతుంది. గుర్రం బెదిరితే ఎటు పోతుందో చూసుకోదు, ముళ్ళ తీగలో కాలు పడితే చర్మం, నరం తెగేదాకా లాగుతుంది. వర్షంలో నాని కాస్త బూజు పట్టిన గుండ్రటి గడ్డి బేలుని ఆవు చాలావరకు తట్టుకుంటుంది. గుర్రానికి అదే ప్రాణాంతకం కావచ్చు, బూజు గడ్డితో బొట్యులిజం అనే, ఒళ్ళు చచ్చుబడే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఆవు ఒళ్ళు చేయడానికి పనికొచ్చే వసంతకాలపు లేత గడ్డి, అప్పటికే లావుగా ఉన్న గుర్రానికి డెక్కల జబ్బు తెస్తుంది.

మూడు రకాల నేలలు

డాలస్ నుంచి గంట, గంటన్నర దూరంలో మనకు దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ఊరికి దగ్గర్లోనే ఉన్న బ్లాక్‌లాండ్ ప్రెయిరీ. ఎల్లిస్, హంట్ కౌంటీలు, కాలిన్‌లో చాలా భాగం ఇదే. మా నాన్న నరసరావుపేట వైపు రైతు. జులైలో ఇక్కడికొచ్చినప్పుడు వాక్సహాచీ దగ్గర ఇరవై నాలుగు ఎకరాలు చూపించాం. ఆయన ఇంటివైపు చూడనే లేదు. గట్టు పక్కన గొంతుక్కూర్చుని పెడ్డ విరిచి, "ఇది మన రేగడే కదరా అబ్బాయ్" అన్నారు. చేతికర్రని నేల నెర్రెలో పెడితే సగం దాకా దిగింది. "వానాకాలంలో ఇందులో గుర్రాన్ని ఎట్టా నడుపుతావు?" అని అడిగారు. ఆ ప్రశ్న మాకు ఆర్నెల్లుగా తట్టలేదు.

నల్లరేగడి గుణం మనకు తెలిసిందే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇంటి పునాది కదులుతుంది, కంచె స్తంభాలు ఒరుగుతాయి. గుర్రం కాలు నెర్రెలో పడే ప్రమాదం ఉంది. బురదలో వారాల తరబడి నిలబడితే డెక్కలు పాడవుతాయి. దీనికి మంచి గుణాలూ ఉన్నాయి. సారవంతమైన నేల, గడ్డి బాగా పెరుగుతుంది, తవ్విన కుంటలో నీళ్ళు ఇంకిపోకుండా నిలుస్తాయి. ఇక్కడి రైతులు ఆ కుంటని 'ట్యాంక్' అంటారు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌లోని ట్యాంక్ లాగే ఇక్కడా ఆ మాటకి చెరువనే అర్థం. మొదటిసారి విన్నప్పుడు ఎక్కడో ఇనప ట్యాంకు ఉందనుకుని పొలమంతా వెతికాను.

రెండోది ఉత్తరం, పడమర వైపున్న క్రాస్ టింబర్స్ నేల. డెంటన్ కౌంటీలో పైలట్ పాయింట్, ఆబ్రీ చుట్టుపక్కల, పార్కర్ కౌంటీలో వెదర్‌ఫర్డ్ వైపు గుర్రాల ఫారాలు ఊరికే వెలవలేదు. ఇసుక కలిసిన గరప నేల, నీళ్ళు త్వరగా దిగిపోతాయి, డెక్క కింద మెత్తగానూ గట్టిగానూ ఉంటుంది. గుర్రాల డాక్టర్లు, లాడాలు కొట్టేవాళ్ళు, శిక్షకులు అందరూ దగ్గర్లో ఉంటారు. రాత్రి రెండింటికి గుర్రానికి కడుపు శూల వచ్చినప్పుడు డాక్టర్ ఎంత దూరంలో ఉన్నాడన్నదే దాని ప్రాణం, కాబట్టి ఈ సౌకర్యాన్ని తక్కువగా చూడొద్దు. కానీ పడమరకి వెళ్ళే కొద్దీ వాన తగ్గుతుంది, సహజంగా పెరిగే గడ్డి మీద ఒక్కో ఆవుకి చాలా నేల కావాలి. ప్రాస్పర్, సెలైనా ఊళ్ళు పెరుగుతున్న వేగానికి డెంటన్ వైపు ధరల్ని గడ్డి కాదు, రేపు రాబోయే ఇళ్ళ ప్లాట్లే నిర్ణయిస్తున్నాయి. ఆవుల మీద వచ్చే ఆదాయంతో ఆ ధర ఎప్పటికీ గిట్టుబాటు కాదు.

మూడోది తూర్పు. క్యాంటన్ ఉన్న వాన్ జాండ్ కౌంటీ, ఏథెన్స్ ఉన్న హెండర్సన్, సల్ఫర్ స్ప్రింగ్స్ ఉన్న హాప్కిన్స్. వాన బాగా పడుతుంది, ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్లు. ఆవులకి ఇది స్వర్గం. ఎక్కడ చూసినా కోస్టల్ బర్ముడా గడ్డి. దాన్ని దగ్గరగా చూస్తే మీకు వినాయక చవితి పత్రి గుర్తొస్తుంది, ఎందుకంటే బర్ముడా అంటే మన గరికే. అందులోనే బాగా ఎత్తుగా పెరిగేలా తయారుచేసిన సంకర జాతి ఇది. నేల మాత్రం చాలాచోట్ల పుల్లటి ఇసుక నేల. సున్నం, నత్రజని వేయకపోతే రెండు మూడేళ్ళలో గరిక పలచబడి కలుపు ఎక్కుతుంది. అమ్మేవాళ్ళు చూపించే పచ్చదనం వెనక ఎరువు ఖర్చు ఎంతో తప్పకుండా అడగండి.

తూర్పున గుర్రాలు బతకవని కాదు, అక్కడ జాగ్రత్తలు ఎక్కువ కావాలి. ఇసుక నేల మీద మేత వేస్తే గుర్రం దాంతోపాటు ఇసుకా మింగుతుంది, అది పేగుల్లో పేరుకుని శూల తెస్తుంది. సన్నటి కోస్టల్ బర్ముడా ఎండుగడ్డిని ఒక్కసారిగా ఎక్కువ పెట్టి, నీళ్ళు సరిగా తాగకపోతే పేగు అడ్డుపడుతుంది. ఆ వైపు తడి చోట్ల పెరిగే రెడ్ మేపుల్ చెట్టు కొమ్మ విరిగి, ఆకులు వాడాక గుర్రం తింటే రక్తంలోని ఎర్రకణాలు పగిలిపోతాయి. భూమి చూడ్డానికి వెళ్ళినప్పుడు చెట్లనీ గుర్తుపట్టగలిగినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి.

ఎన్ని ఎకరాలకి ఎన్ని

లెక్క ఇలా చూస్తారు. దూడతో ఉన్న సుమారు 450 కిలోల ఆవు ఒక యూనిట్. అది రోజుకి పన్నెండు కిలోల దాకా ఎండుమేత లెక్కన తింటుంది. గుర్రాన్ని ఒకటింపావు యూనిట్‌గా లెక్కిస్తారు. అంటే గుర్రం ఆవు కంటే ఎక్కువే తింటుంది. దీన్ని వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు.

తూర్పున ఎరువు వేసి పెంచిన బర్ముడా మీద ఒక యూనిట్‌కి రెండు నుంచి ఐదు ఎకరాలు చాలు. క్రాస్ టింబర్స్‌లో సహజ గడ్డి మీద పది నుంచి ఇరవై ఎకరాలు కావాలి. కాబట్టి అదే పాతిక ఎకరాలు తూర్పున ఆరేడు ఆవుల మందని పోషిస్తాయి, పడమర ఒకటో రెండో ఆవులతో సరి. ధరలు పోల్చేటప్పుడు ఎకరాకి ఎంత అని కాకుండా, ఒక ఆవుని పోషించే నేలకి ఎంత అని వేసుకోండి. మేం ఈ లెక్క వేసిన రోజున మా జాబితాలో సగం భూములు వాటంతట అవే ఎగిరిపోయాయి.

ఇంకో సంగతి, ఆ అంకెలు మామూలు ఏడాదివి. 2011 కరవులో టెక్సాస్ వ్యవసాయానికి 7.6 బిలియన్ డాలర్ల నష్టం వచ్చిందని టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ అంచనా వేసింది. గడ్డి దొరక్క మందలకి మందలు అమ్ముకున్నారు. నేల మోయగలిగిన దాంట్లో మూడు వంతులకి మించి పశువుల్ని పెట్టొద్దని నా సలహా. మిగిలిన పావు వంతు గడ్డే మీ బీమా.

ఆవుల్లో ఏ జాతి అంటే, ఈ ఎండకి బ్రాహ్మన్ రక్తం కలిసినవి బాగా తట్టుకుంటాయి. బ్రాహ్మన్ జాతిని అమెరికాలో తయారుచేసింది మన దేశపు గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ, ఒంగోలు పశువుల నుంచే. హెర్‌ఫర్డ్‌తో కలిపిన చారల ఆవులు పొలంలో నడుస్తుంటే మూపురం చూసి మా నాన్న కళ్ళలో వెలుగొచ్చింది.

మాంసం సంగతి ముందే మాట్లాడుకోండి

ఇక్కడ పొలాల్లో ఆవులంటే ఎక్కువగా దూడల కోసం పెంచేవి. ఏడెనిమిది నెలల దూడని వేలంలో అమ్ముతారు, అది చివరికి మాంసానికే వెళ్తుంది. మన ఇళ్ళలో కొందరికి ఇది సమ్మతం, కొందరికి కాదు. నాకు తెలిసిన ఒక కుటుంబం భూమి కొని, ఆవులు కొని, మొదటి దూడల్ని అమ్మాల్సిన రోజున ఆగిపోయారు. అత్తగారు ఏడ్చారు. తర్వాత ఆ మందని అలాగే పోషించడానికి ఏటా చేతి డబ్బు పోస్తున్నారు. వాళ్ళని తప్పుపట్టను. కొనకముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఆ బాధ తప్పేది.

ఆవులు వద్దనుకుంటే దారులున్నాయి. గడ్డి హక్కుని పక్క రైతుకి లీజుకివ్వచ్చు, ఎండుగడ్డి కోసి అమ్మచ్చు. ఐదు నుంచి ఇరవై ఎకరాల లోపు భూమి అయితే తేనెటీగల్ని పెంచినా, వ్యవసాయ భూమికిచ్చే పన్ను రాయితీకి (దాని సంగతి కింద చెప్తాను) పనికొస్తుంది. లీజుకిచ్చినా గడ్డి మేసేది మాంసం పశువులే కదా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి జవాబు మీ ఇంటిదే.

పన్ను, పత్రాలు, వీసా

టెక్సాస్‌లో ఆస్తి పన్ను గట్టిగా ఉంటుంది. వ్యవసాయ భూమికి మార్కెట్ ధర మీద కాకుండా, పంట దిగుబడి విలువ మీద పన్ను వేస్తారు. తేడా చాలా పెద్దది. ఇది కొత్తగా కావాలంటే గత ఏడేళ్ళలో కనీసం ఐదేళ్ళు ఆ నేల వ్యవసాయంలో ఉండాలి. యజమాని మారితే మీ పేరు మీద మళ్ళీ దరఖాస్తు పెట్టాలి, మే 1కి ముందే. వ్యవసాయం మానేసి వేరే పనికి మారిస్తే గత మూడేళ్ళ తేడా కట్టాలి.

గుర్రాలవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. సరదాగా స్వారీ చేయడానికి ఉంచుకున్న గుర్రాలకి మామూలుగా ఈ రాయితీ రాదు. గుర్రాల్ని పెంచి పిల్లల్ని తీసే పని అయితే వేరు. ఎన్ని ఎకరాలకి ఎన్ని పశువులుండాలన్నది ఒక్కో కౌంటీలో పన్ను కోసం ఆస్తి విలువ కట్టే ఆఫీసు, అంటే అప్రైజల్ డిస్ట్రిక్ట్, ఒక్కోలా పెట్టుకుంటుంది. అందుకే ఇప్పటికే ఆవులతో రాయితీ నడుస్తున్న భూమి కొని, ఆ ఆవుల్ని కొనసాగిస్తూ, పక్కన గుర్రాలకి కొంత భాగం వేరుచేసుకోవడం చాలామందికి సులువైన దారి. ఏజెంట్ మాట నమ్మకుండా ఆ కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసి మీరే కనుక్కోండి.

ఇది మనవాళ్ళు ప్రత్యేకంగా వినాలి. గ్రీన్‌కార్డ్ లేకుండా హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి కొనచ్చు, అందులో తప్పేం లేదు. కానీ పది ఎకరాలకి మించితే తొంభై రోజుల్లోగా అమెరికా వ్యవసాయ శాఖకి నివేదిక ఇవ్వాలి. 1978 నాటి చట్టం ఇది. ఇవ్వకపోతే జరిమానా భూమి విలువలో పావు వంతు దాకా పడచ్చు. రిజిస్ట్రేషన్ చేసే టైటిల్ కంపెనీ వాళ్ళు చెప్తారులే అనుకోవద్దు.

తర్వాత ఖనిజ హక్కులు. ఇక్కడ నేల మీది హక్కు, నేల కింది హక్కు వేర్వేరుగా అమ్ముకుంటారు. కింది హక్కు ఉన్నవాడు తన పనికి అవసరమైనంత మేర మీ నేల మీద దారి, గ్యాస్ బావి వేసుకోవచ్చు. డెంటన్, వైజ్, పార్కర్ కౌంటీల కింద బార్నెట్ షేల్ అనే రాతిపొరలో గ్యాస్ ఉంది కాబట్టి ఆ వైపు కొనేవాళ్ళు టైటిల్ పత్రాలు, పైపులైన్ల హక్కులు ఒక్కో వాక్యం చదివించుకోవాలి. మాకు ఒకచోట అన్నీ కుదిరాయి. సర్వేలో చూస్తే గుర్రాల కొట్టం కట్టాలనుకున్న చోట సరిగ్గా పైపులైన్ ఉంది. అమ్మేవాళ్ళు ఆ మాట ఎత్తలేదు. వెనక్కి వచ్చేశాం.

నీళ్ళు, కంచె, దాణా

ఎండాకాలంలో ఆవు రోజుకి 75 లీటర్ల దాకా తాగుతుంది, గుర్రం 40 దాకా. పది ఆవులు, మూడు గుర్రాలంటే దాదాపు 900 లీటర్లు, అదీ ప్రతిరోజూ. కుంట ఒక్కటే ఆధారమైతే ఆగస్టులో అడుగంటుతుంది, మిగిలిన నీటిలో పచ్చ నాచు విషం పెరగచ్చు. కుంటతోపాటు బోరు గానీ, గ్రామీణ నీటి సంస్థ మీటరు గానీ ఉండాలి. మీటరు లేకపోతే కొత్తది ఇస్తారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. కుదిరితే ఆగస్టులోనే భూమి చూడండి. ఏప్రిల్లో టెక్సాస్‌లో ఏ పొలమైనా అందంగానే ఉంటుంది.

గుర్రాల కంచె అంటే డెక్క దూరని సన్నటి అల్లిక తీగ, లేదా ఇనప పైపులు, చెక్క పలకలు. ముళ్ళ తీగతో పోలిస్తే ఖర్చు చాలా రెట్లు. పాతిక ఎకరాల చుట్టూ మార్చాల్సిన పని లేదు. బయట ముళ్ళ తీగ ఆవులకి ఉంచేసి, లోపల నాలుగైదు ఎకరాలకి గుర్రాల కంచె వేస్తే సరిపోతుంది. ఇప్పటికే గుర్రాల కంచె, కొట్టం ఉన్న భూమి కొంచెం ఎక్కువ ధర చెప్పినా, మీరు కొత్తగా వేయించే ఖర్చుతో పోల్చాకే వద్దనుకోండి.

గడ్డిలో విషాలు మన రైతులకి కొత్త కాదు. జొన్న పిలకలు తిని పశువులు పడిపోవడం ఊళ్ళలో చూసినవాళ్ళే. ఇక్కడ జాన్సన్ గ్రాస్ ఆ జొన్న కుటుంబానిదే. కరవు తర్వాతో, మంచు పడ్డాకో అదే విషం. క్లైన్‌గ్రాస్ అని ఇంకొకటి ఉంది, ఆవులు తింటాయి, గుర్రానికి కాలేయం పాడవుతుంది. క్లైన్‌గ్రాస్ వేసిన పొలం ఆవులవాళ్ళకి మంచి బేరం, గుర్రాలవాళ్ళు తీసుకోకూడదు.

అన్నిటికంటే నాకు భయం వేసేది దాణా. ఆవుల దాణాలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవుకి మేలు చేసే ఆ మందే గుర్రం గుండెని దెబ్బతీసి చంపగలదు. దీనికి విరుగుడు లేదు. రెండు రకాల పశువులూ ఉన్న చోట దాణా గదులు వేరుగా ఉండాలి, బకెట్లు, పారలు కూడా వేరుగా ఉండాలి. భూమి చూసేటప్పుడే రెండో గది ఎక్కడ కడతామో చూసుకోండి.

ఎవరికి ఏది

పిల్లలు స్వారీ నేర్చుకుంటున్నారు, గుర్రాలే ప్రాణం, ఆవులు పన్ను కోసం రెండు మూడు చాలు అనుకుంటే క్రాస్ టింబర్స్ వైపు వెళ్ళండి. తక్కువ ఎకరాలతో సరిపెట్టుకోండి, కానీ కంచె, డాక్టర్, నేల విషయంలో రాజీపడొద్దు. ఆవుల మందే అసలు కోరిక, దాని మీద నాలుగు డాలర్లు రావాలి అనుకుంటే తూర్పుకే. క్యాంటన్ దాటాక ఎరువు లెక్క చూసుకుని కొనండి. 2025 మొదట్లో అమెరికాలో పశువుల సంఖ్య 1951 తర్వాత ఎప్పుడూ లేనంత తక్కువకి, 8.67 కోట్లకి పడిపోయింది. దూడల ధరలు పెరిగాయి, మంద కొనే ఖర్చూ పెరిగింది. అందుకని మొదటి ఏడాది గడ్డి లీజుకిచ్చి, నేల గుణం తెలుసుకున్నాక మీ ఆవుల్ని తెచ్చుకోవడం మేలు.

రేగడి నేలని ఆఫీసుకి దగ్గర కావాలన్నవాళ్ళకే చెప్తాను. ఆవులకి పర్వాలేదు, గుర్రాలుంటే కొట్టం చుట్టూ కంకర పోసి వానాకాలానికి ఎత్తైన చోటు తయారు చేయగలిగితేనే.

మేం చివరికి వాన్ జాండ్ కౌంటీలో 31 ఎకరాలు తీసుకున్నాం. ఒప్పందంలో టెక్సాస్ పద్ధతి ప్రకారం కొన్ని రోజుల ఆప్షన్ గడువు పెట్టించుకున్నాం. కాస్త ఫీజు కట్టి, ఆ గడువు లోపల ఏ కారణం చెప్పకుండానే వెనక్కి తగ్గే హక్కు అది. మొదటి రోజే మట్టి నమూనాలు టెక్సాస్ ఏ అండ్ ఎం మట్టి ప్రయోగశాలకి పంపాం, ఫలితాలకి టైం పడుతుంది కాబట్టి. రెండో రోజు బోరు నీళ్ళ పరీక్ష. మూడో రోజు రైతులకి సలహాలిచ్చే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఏజెంట్‌ని పొలానికి రమ్మని అడిగాం. పైసా తీసుకోకుండా రెండు గంటలు తిరిగి, ఏ మూల ఏ కలుపు ఉందో, ఏ చెట్టు నరకాలో, గుర్రాల కంచె ఏ పక్క వేయాలో చూపించి వెళ్ళాడు. మట్టి రిపోర్టులో సున్నం ఎంత వేయాలో వచ్చింది. ఆ ఖర్చు చూపించి ధర మీద బేరమాడాం, కొంత తగ్గించారు.